బకెట్ ఎక్కడ పెడతారు? కంప్యూటర్‌కు సొంతంగా వాటర్ కూలింగ్ వేసుకునేవారితో కొన్ని మాటలు

(ఇంజనీరింగ్ విద్యార్థులు, కంప్యూటర్ అభిరుచి ఉన్నవారు కలుసుకున్న ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీదున్న కంప్యూటర్ మా అమ్మాయిది. దాని పక్కన బకెట్ ఎందుకు పెట్టానని నేను వచ్చినప్పటినుంచి ముగ్గురు అడిగారు. ఆ సంగతి చివర్లో వస్తుంది. అంతవరకు దాన్ని ఎవరూ కాలితో తన్నకుండా చూసుకోండి.

నేను కంప్యూటర్ల మనిషిని కాను. ఇరవై రెండేళ్లుగా పెద్ద భవనాల ఏసీ ప్లాంట్లు చూస్తున్నాను. చిల్లర్లు, కూలింగ్ టవర్లు, పంపులు, వాల్వులు, సెల్లారులో నిలిచిన నీళ్లు, వీటి మధ్యే నా రోజులు గడిచాయి. మీలో చాలామంది ఒక ప్రాసెసర్ పేరు వింటే చాలు, దాని జాతకమంతా గడగడా చదివేస్తారు. నాకంత రాదు. ఒక చోట పుట్టిన వేడిని నీళ్లకు ఎక్కించి, ఇంకో చోటికి మోయించి, అక్కడ దించడం మాత్రం వచ్చు. మీరు కేబినెట్‌లో, అంటే కంప్యూటర్ పెట్టెలో, చేయబోయేదీ అదే. నా దగ్గర మనిషి నడుమంత లావు పైపులుంటాయి, మీ దగ్గర చిటికెన వేలంత గొట్టాలుంటాయి. తేడా అంతేగా అనుకుని దిగాను. అంతే కాదని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి త్రీడీ యానిమేషన్ చేస్తుంది. ఒక దృశ్యాన్ని రెండరింగ్‌కు, అంటే గీసిన బొమ్మను పూర్తి చిత్రంగా తయారు చేయడానికి, పెడితే కంప్యూటర్ రాత్రంతా నడవాలి. మాది హైదరాబాద్‌లో పై అంతస్తు ఫ్లాటు. మే నెలలో రాత్రి పదకొండు దాటినా ఆ గదిలో 35 డిగ్రీలుంటుంది. అప్పుడు ఈ పెట్టెలో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా అందుకుంటాయి. "నాన్నా, నేను ఫోనులో మాట్లాడుతుంటే ఎయిర్‌పోర్టులో ఉన్నావా అని అడుగుతున్నారు" అంది ఒకరోజు. రాత్రంతా ఏసీ వేస్తే కరెంటు బిల్లు నాకు వస్తుంది. అలా మొదలైంది.

ముందే ఒక మాట చెప్పాలి. మీలో ఎక్కువమందికి ఇది అవసరం లేదు. ఆటలు ఆడుకోవడానికి రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్ పెట్టుకున్నారనుకోండి. దాని లెక్క 120 వాట్లు. మంచి టవర్ ఎయిర్ కూలర్ ఒకటి చాలు. నీళ్లే కావాలనుకుంటే కంపెనీలోనే నింపి సీలు వేసి అమ్మే ఏఐఓ కూలర్లున్నాయి, నాలుగు మరలు బిగిస్తే పని అయిపోతుంది. చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లకు ఎక్కించే లోహపు బ్లాక్, ఆ వేడిని గాలిలోకి దించే రేడియేటర్, నీళ్ల డబ్బా అయిన రిజర్వాయర్, పంపు, వీటన్నింటినీ గొట్టాలతో చుట్టూ కలిపితే అది లూప్. సొంతంగా లూప్ వేయడమంటే ఖర్చు ఎక్కువ, చాకిరీ ఎక్కువ, పైగా ఏడాదికోసారి దాని సేవ చేయాలి. ఈ మాట విన్నాక కూడా లేచి వెళ్లనివారి కోసమే మిగతా ప్రసంగం. (నవ్వులు) సరే, ఎవరూ లేవలేదు.

మొట్టమొదట కాగితం మీద రాసుకోవాల్సింది వేడి ఎంత అన్నది. ఏ రంగు గొట్టాలు, ఏ రంగు దీపాలు అన్నది కాదు. ఈ పెట్టెలో రైజెన్ 9 7950ఎక్స్ ఉంది. కంపెనీ చెప్పే లెక్క 170 వాట్లు గాని, మదర్‌బోర్డు సాకెట్ నుంచి 230 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090, దానిది 450. రెండూ కలిపి 680 వాట్లు. చిన్న ఇస్త్రీ పెట్టె ఒకటి కేబినెట్‌లో పెట్టి తలుపు మూసినట్టు. కంప్యూటర్ ఎంత గొప్ప పని చేసినా సరే, తిన్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది.

నీళ్లు ఆ వేడిని చల్లార్చేస్తాయని అందరూ అనుకుంటారు. నీళ్లు మోస్తాయి, అంతే. చల్లార్చేది గాలి. మన ఇంట్లో మట్టికుండను తలచుకోండి. కుండ చెమరుస్తుంది, ఆ తడి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, అందుకే కుండలో నీళ్లు గదికన్నా చల్లగా ఉంటాయి. నా ప్లాంటులో కూలింగ్ టవర్ చేసేదీ అదే, దాన్ని మూడంతస్తుల కుండ అనుకోండి. మీ లూప్ అలా కాదు. అన్ని వైపులా మూసిన గొట్టం. అందులో ఆవిరయ్యేదేమీ లేదు. కాబట్టి ఆ నీళ్లు ఎన్ని రేడియేటర్లు తిరిగొచ్చినా గది గాలికన్నా ఒక్క డిగ్రీ కూడా చల్లబడవు. గదిలో 35 ఉంటే నీళ్లు 35కు పైనే.

మరి నీళ్లెందుకు? మోతలో వాటికి సాటి లేదు కనుక. 680 వాట్లను నిమిషానికి 3 లీటర్ల నీళ్లు మోస్తే వాటి వేడి 3 డిగ్రీలకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంతే పెరుగుదలతో అదే వేడిని గాలి మోయాలంటే నిమిషానికి పది వేల లీటర్ల పైన వీచాలి. చిప్ మీద చోటు అగ్గిపెట్టెంత. అక్కడ అంత గాలి ఎలా వీస్తుంది? నీళ్లయితే ఆ ఇరుకులోంచి వేడిని తీసుకొచ్చి, రేడియేటర్ అనే వెడల్పాటి మైదానంలో పరుస్తాయి. అక్కడ ఆరు ఫ్యాన్లు నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరిగితే చాలు. మా అమ్మాయికి కావలసింది ఆ నిశ్శబ్దమే. గదికి మాత్రం ఏ మేలూ జరగదని తనకు ముందే చెప్పాను. 680 వాట్లు గాలి కూలర్‌తోనైనా, నీళ్లతోనైనా ఆ గదిలోకే వస్తాయి. ఒక టన్ను ఏసీ శక్తిలో అయిదో వంతు దీనికే పోతుంది. ఇది చెప్పకుండా కొనిపించి ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు.

ఇప్పుడు మెట్ల లెక్క. గది 35. రేడియేటర్లు సరిపడా ఉంటే నీళ్లు గదికన్నా 10 డిగ్రీలు ఎక్కువలో నిలబడతాయి, అంటే 45. పంపులు, గొట్టాలు చాలావరకు 60 డిగ్రీల నీళ్లు హద్దుగా చేసినవి. కాబట్టి నా కాగితం మీద 50 దగ్గర ఎర్రగీత గీశాను. యూరప్‌లో 20 డిగ్రీల గదిలో కూర్చుని చూపించే ఫలితాలను చూసి మీరు రేడియేటర్ కొంటే మే నెలలో తెల్లమొహం వేస్తారు. అక్కడ 30 చూపించిన నీళ్లు ఇక్కడ 45 చూపిస్తాయి.

రేడియేటర్ ఎంత? నెమ్మదిగా తిరిగే ఒక్కో 120 మిల్లీమీటర్ల ఫ్యాను చోటుకు సుమారు 100 వాట్లు వేసుకోండి. ఇది మోటు లెక్కే, కానీ మోసం చేయదు. 680కి ఏడు ఫ్యాన్లు రావాలి. మా అమ్మాయి పనిలో ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి పూర్తి బరువు ఎత్తడం అరుదు. అందుకని ఆరు ఫ్యాన్లు, అంటే మూడేసి 120 ఫ్యాన్లు పట్టే 360 రేడియేటర్లు రెండు అనుకున్నాను. పేరు చూసి మోసపోకండి. 280 అంటే 360కన్నా చాలా చిన్నదని అనిపిస్తుంది. దానికి 140 ఫ్యాన్లు కనుక ముఖం కొలిస్తే 392 చదరపు సెంటీమీటర్లు, 360ది 432. తేడా పదో వంతు కూడా లేదు. 240ది మాత్రం 288. మందం విషయంలో నా మాట కాస్త పాతకాలపుదిగా ఉంటుందేమో: 60 మిల్లీమీటర్ల మందం రేడియేటర్ ఒకటి కొనే బదులు 30వి రెండు కొనండి. మందం పెరిగేకొద్దీ గాలిని గట్టిగా తోయాలి, గట్టిగా తోస్తే చప్పుడు, చప్పుడే వద్దనుకుని కదా వచ్చాం.

ఇక్కడ నాకు అర్థం కాక రెండు రాత్రులు కూర్చున్న విషయం ఒకటుంది. అంతా బిగించాక కార్డు 60లలో హాయిగా ఉంది. ప్రాసెసర్ మాత్రం పూర్తి బరువు మీద 90 దాటుతోంది. 450 వాట్లది చల్లగా, 230 వాట్లది వేడిగా! బ్లాక్ సరిగా కూర్చోలేదేమోనని మూడుసార్లు విప్పాను. తప్పు నాది కాదు. 4090 చిప్ వైశాల్యం 608 చదరపు మిల్లీమీటర్లు. 7950ఎక్స్‌లో అసలు పని చేసే ముక్కలు రెండే, ఒక్కొక్కటి 71. ఒక్కో ముక్క మీద 100 వాట్లు వేసుకున్నా, చదరపు మిల్లీమీటరుకు కార్డుతో పోలిస్తే దాదాపు రెండింతల వేడి. పైగా ప్రాసెసర్ నెత్తిన ఒక లోహపు మూత ఉంటుంది, నీళ్ల బ్లాక్‌కు దానికీ మధ్య అదొక అడ్డు. కార్డుకు ఆ మూత లేదు, బ్లాక్ నేరుగా చిప్ మీదే కూర్చుంటుంది. ఆ రైజెన్‌ను 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారు చేశారు కూడా. అందుకని, డబ్బు ఒకదానికే ఉంటే గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. అందరూ తలకిందులుగా చేస్తారు.

కార్డు బ్లాక్ కొనేముందు మీ కార్డు బోర్డు సరిగ్గా ఏ నమూనానో చూసుకోండి. 4090 అని పేరు ఒకటే గాని, ఒక్కో కంపెనీ ఒక్కో బోర్డు మీద వేసి అమ్ముతుంది. ఒకదాని బ్లాక్ ఇంకోదానికి పట్టదు. విప్పితే వారంటీ ఏమవుతుందో కూడా అప్పుడే చదవాలి, విప్పాక కాదు.

కేబినెట్ సంగతి. ఇది లియాన్ లీ ఓ11 డైనమిక్, 2018లో వచ్చింది. ఇందులో రెండు అరలుంటాయి. కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ పెట్టె, వైర్లు వెనక అరలో దాక్కుంటాయి. పైన, పక్కన, కింద మూడు చోట్ల 360 రేడియేటర్ పడుతుంది. "పడుతుంది" అన్న మాట దగ్గర ఆగండి. 360 అని అమ్మే రేడియేటర్ పొడవు 360 కాదు. అది మూడు ఫ్యాన్ల లెక్క. రెండు చివరలా నీళ్లు మలుపు తిరిగే తొట్లుంటాయి, అవి కలిస్తే 400 దగ్గరికి వస్తుంది. మందం 30 అంటే ఫ్యానుతో కలిపి 55. పైన బిగిస్తే ఆ 55 కిందికి దిగి, మదర్‌బోర్డు అంచు మీదున్న లోహపు దిమ్మకో, ఎత్తయిన ర్యామ్ ముక్కలకో తగలవచ్చు. కింద బిగిస్తే కార్డు కింద చోటు తగ్గుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే ఫిట్టింగ్ బయటికి పొడుచుకొచ్చే ఎత్తు, గొట్టం వంపు తిరగడానికి కావలసిన చోటు, కార్డు పవర్ కేబుల్ అద్దానికి ఆనకుండా వంగే చోటు, వీటిని ఎవరూ లెక్కలో వేయరు. నేను పాత అట్టపెట్టెలు కత్తిరించి రేడియేటర్ కొలతల్లో ముక్కలు చేశాను. వాటిని లోపల పెట్టి, ఫ్యాను తగిలించి, చెయ్యి దూరుతుందో లేదో చూశాను. కంప్యూటర్‌లో మూడు కొలతల బొమ్మలు గీసే మా అమ్మాయి నా అట్టముక్కలు చూసి నవ్వింది. నవ్వనివ్వండి. రెండో అట్టముక్కే చెప్పింది, పైన పెడితే ర్యామ్‌కు తగులుతుందని.

అందుకే ఒకటి పక్కన, ఒకటి కింద పెట్టాను. రెండూ గది గాలిని లోపలికి పీల్చుకుంటాయి. వేడెక్కిన గాలి పైనుంచి వెళ్లిపోతుంది. ఒక రేడియేటర్ వదిలిన వేడి గాలిని ఇంకో రేడియేటర్ పీల్చడం మా టవర్ల దగ్గర పాత జబ్బు. రెండు టవర్లను గోడకు దగ్గరగా కట్టేస్తే అవి ఒకదాని ఊపిరి ఇంకొకటి పీలుస్తూ చస్తాయి. మీ కంప్యూటర్‌ను టేబుల్ కింద చెక్క అరలోకి తోసినా అదే జబ్బు. మా ఇంట్లో మొదట అలాగే ఉండేది. అరలోంచి బయటికి తీసి పక్కన పెట్టడానికి రూపాయి ఖర్చు కాలేదు, ముందు ఆ పని చేసి చూడండి. కింది నుంచి పీల్చే రేడియేటర్‌కు దుమ్ము జల్లెడ ఉండాలి, నెలకోసారి దులపాలి.

పంపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డీ5 రకం ఒకటి కొని మరిచిపోండి. ఏ ఆటంకం లేకపోతే గంటకు 1,500 లీటర్లు తోస్తుంది. మన ఇరుకు లూప్‌లో గంటకు 180 వచ్చినా చాలు, ఇందాకటి 3 లీటర్ల లెక్క అదే. నీళ్లు ముందు ప్రాసెసర్‌కు వెళ్లాలా, కార్డుకు వెళ్లాలా, మధ్యలో రేడియేటర్ ఉండాలా అని గంటల తరబడి వాదించుకునేవారిని చూశాను. లూప్ మొత్తంలో అత్యంత వేడి చోటుకూ, అత్యంత చల్లని చోటుకూ తేడా 3 డిగ్రీలే అయినప్పుడు వాదన దేనికి? గొట్టం ఎటు దగ్గరైతే అటు వేయండి. రిజర్వాయర్ మాత్రం పంపుకు ముందు, దానికన్నా ఎత్తున ఉండాలి. ఆ పంపు బేరింగ్‌కు నూనె లేదు, నీళ్లే నూనె. పొడిగా తిరిగితే పాడవుతుంది. ఇంకొకటి, ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసర్ వేడికి కట్టకండి. అది క్షణానికోసారి ఎగిరి దిగుతుంది, ఫ్యాన్లూ దాంతో పాటు ఏడుస్తాయి. లూప్‌లో చిన్న సెన్సార్ బిగించి నీళ్ల వేడికి కట్టండి. నీళ్లు తాపీ మనుషులు, నిదానంగా వేడెక్కుతాయి.

గొట్టాలు. గాజులా మెరిసే గట్టి గొట్టాలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. హీట్ గన్‌తో వంచాలి, లోపల సిలికాన్ తాడు పెట్టాలి, నాలుగు వంపుల్లో మూడు చెడతాయి. మొదటి లూప్‌కు నల్ల ఈపీడీఎం రబ్బరు గొట్టం వాడండి. అందం లేదు, కానీ పారదర్శకమైన మెత్తని పీవీసీ గొట్టాలు కొన్నాళ్లకు నీళ్లలోకి వదిలే జిడ్డు ఇది వదలదు. ఫిట్టింగులన్నింటి మర ఒకటే, జి 1/4. ఇది ప్లంబర్ల కుటుంబానికి చెందిన మరే. పావు అంగుళం అని పేరు గాని, స్కేలు పెట్టి కొలిస్తే 13 మిల్లీమీటర్ల పైన వస్తుంది. 1990ల చివర్లో ఈ పిచ్చి మొదలైనప్పుడు అమెరికాలో కుర్రాళ్లు పాత కార్ల హీటర్లలోని రేడియేటర్లు, చేపల తొట్టి పంపులు తెచ్చి కట్టుకున్నారు. అప్పుడు ఏ మరకూ ఏ మర కలిసేది కాదు. ఇప్పుడు మీకు ఆ బాధ లేదు. లెక్కపెట్టుకోవడం మాత్రం మరవకండి. రెండు రేడియేటర్లు, రెండు బ్లాకులు, పంపుతో కలిసిన రిజర్వాయర్, మొత్తం అయిదు. ఒక్కోదానికి రెండు ద్వారాలు, పది ఫిట్టింగులు. వంపు ముక్కలు, వాల్వు, సెన్సార్ కలిపితే పదహారుకు తేలింది నాకు. విడిగా చూస్తే ఇంతే కదా అనిపించేవి, బిల్లు వేశాక పంపు ధరను దాటేశాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగితే ప్రాసెసర్, కార్డు దొరుకుతాయి గాని, ఒక్క ఫిట్టింగ్ తక్కువైతే ఆన్‌లైన్‌లో పెట్టి ఎదురుచూడాల్సిందే. రెండు ఎక్కువే తెప్పించండి.

ఇక నీళ్లు, లోహాలు. రాగి, ఇత్తడి, నికెల్ పూత, ఇవి ఒక కుటుంబం. అల్యూమినియం వేరే కుటుంబం. రెండింటినీ ఒకే నీళ్లలో పెడితే మీరు కట్టింది కూలర్ కాదు, బ్యాటరీ. అల్యూమినియం కరిగిపోతుంటుంది. చవకగా దొరికిందని అల్యూమినియం రేడియేటర్ తెచ్చి రాగి బ్లాక్‌తో కలపకండి. నీళ్ల విషయంలో మన బోరు నీళ్లు పనికిరావని చెప్పనక్కర్లేదు, మీ గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది. ఇంట్లో ఆర్ఓ నీళ్లలోనూ లవణాలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడాలి, అందులో తుప్పు పట్టకుండా, నాచు పెరగకుండా మందు కలపాలి. లేదా అన్నీ కలిపి అమ్మే కూలెంట్ కొనండి. డిస్టిల్డ్ వాటర్ కరెంటును పారనివ్వదు కాబట్టి కారినా ఏమీ కాదని ఒక నమ్మకం ఉంది. సీసాలో ఉన్నంతవరకే అది నిజం. లూప్‌లో కొన్నాళ్లు తిరిగాక లోహాల నుంచి ఏవో ఒకటి కలుపుకుంటుంది. బోర్డు మీద దుమ్ము ఎలాగూ ఉంది.

పాలలా చిక్కగా, రంగురంగులుగా ఉండే కూలెంట్లు ఫొటోలకు బాగుంటాయి. వాటిలో రంగు అంటే సన్నని రేణువులే. ప్రాసెసర్ బ్లాక్ లోపల అర మిల్లీమీటరుకన్నా సన్నని కాలువలుంటాయి. కాలువలో ఒండ్రు చేరితే ఏమవుతుందో డెల్టా నుంచి వచ్చినవారికి నేను చెప్పాలా? పూడిక. ఏటా పూడిక తీయాలి. కొత్త రేడియేటర్‌ను కూడా కడగకుండా బిగించకండి. లోపల టంకం వేసినప్పటి మడ్డి ఉంటుంది. వేడి నీళ్లు సగం పోసి బాగా కుదిపి పారబోయండి, తేటగా వచ్చేదాకా. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో.

లీకు పరీక్ష ఒక్కటి మాత్రం నా మాట విని తొందరపడకుండా చేయండి. మదర్‌బోర్డుకు, కార్డుకు వెళ్లే పవర్ వైర్లన్నీ పీకేయండి. ఎస్ఎంపీఎస్ నుంచి పంపుకు మాత్రమే కరెంటు. బోర్డు లేకుండా ఎస్ఎంపీఎస్ వెలగాలంటే 24 పిన్నుల కనెక్టర్‌కు జంపర్ అనే చిన్న ముక్క పెట్టాలి, అది విడిగా దొరుకుతుంది. ప్రతి ఫిట్టింగ్ కిందా టిష్యూ పేపరు. రిజర్వాయర్ నింపండి, పంపు రెండు క్షణాలు వేయండి, నీళ్లు దిగుతాయి, ఆపండి, మళ్లీ నింపండి. పంపు ఒక్క క్షణం కూడా పొడిగా తిరగకూడదు. నిండాక కేబినెట్‌ను అటూ ఇటూ వంచితే బుడగలు బయటికొస్తాయి. ఇరవై నాలుగు గంటలు తిరగనివ్వండి. మా అమ్మాయి నాలుగు గంటలకే "నాన్నా, ఇంకా ఎందుకు, పొడిగానే ఉంది కదా" అంది. పదకొండో గంటకు పక్క రేడియేటర్ కింద టిష్యూ మీద అణా బిళ్లంత తడి కనిపించింది. ఫిట్టింగ్‌లోని ఓ-రింగ్, అంటే రబ్బరు ఉంగరం, మెలిక పడింది, తీసి మళ్లీ బిగిస్తే ఆగింది.

(సభలోంచి ప్రశ్న: సార్, రిజర్వాయర్‌లో ఐసు ముక్కలు వేస్తే గదికన్నా చల్లబడదా?)

చల్లబడుతుంది బాబూ. ఎంతసేపో లెక్క కడదాం. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. మనం సెకనుకు 680 జౌళ్లు పోస్తున్నాం. ఎనిమిది నిమిషాలు. (నవ్వులు) రాత్రంతా రెండరింగ్ అంటే ఐసు బండి గుమ్మం ముందు నిలబడాలి. అది కూడా పోనీ అనుకుందాం. ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి బల్ల మీద పెడితే ఏమవుతుంది? చెమట పడుతుంది. విశాఖలోనో, విజయవాడలోనో అయితే ధార కడుతుంది. ఆ చెమట మీ బ్లాక్ మీద, గొట్టాల మీద, వాటి కిందున్న మదర్‌బోర్డు మీద పడుతుంది. లూప్ నీళ్లు గదికన్నా వేడిగా ఉండటం లోపమని అనుకుంటున్నారు గాని, మీ బోర్డు పొడిగా ఉన్నది అందువల్లే.

ఇప్పుడు బకెట్ దగ్గరికి వద్దాం. మా వృత్తిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు, పైపు ఎత్తయిన చోట గాలి పోయే దారి ఉండాలి, పల్లమైన చోట నీళ్లు పోయే దారి ఉండాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఇది నేనే నేర్పుతాను. అలాంటి నేను మొదటిసారి ఈ లూప్ వేసినప్పుడు అన్నింటికన్నా కింద ఉన్న గొట్టానికి మూడు దారుల టీ ముక్క పెట్టి, వాల్వు బిగించి, పని అయిపోయిందనుకున్నాను. ఏడాది తిరిగింది. నీళ్లు మార్చాలి. వాల్వు తిప్పాను. గ్లాసుడు వచ్చి ఆగిపోయాయి.

ఎందుకో ఆలోచించండి. అన్నింటికన్నా కింద ఉన్నది గొట్టం కాదు, కింది రేడియేటర్. దాని ద్వారాలు రెండూ పైకి చూస్తున్నాయి. అంటే అది మూత పైనున్న డబ్బా. పైనున్న నీళ్లు వాల్వులోంచి పోతాయి, డబ్బాలో నీళ్లు డబ్బాలోనే ఉంటాయి. కేబినెట్‌ను పడుకోబెట్టి, తలకిందులు చేసి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని బాత్రూములో కుదిపాం. మూడు గంటలు పట్టింది. ఆ కుదుపుల్లో ఒక ఫిట్టింగ్ వదులై కార్డు స్లాటులోకి నీళ్లు జారాయి. మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. మూడు రోజులు ఆరబెట్టి, భయపడుతూ వేశాం. వెలిగింది.

తర్వాత కింది రేడియేటర్‌ను మార్చాను. ఇప్పుడున్న దానికి పైన రెండు ద్వారాలు కాక, చివరి తొట్టి పక్కన అడుగు వైపు ఇంకొకటి ఉంది. ఇలాంటివి దొరుకుతాయి, కొనేముందు బొమ్మలో ద్వారాలు లెక్కపెట్టండి. ఆ ద్వారానికి వాల్వు బిగించి, వెనక అరలోంచి బయటికి జానెడు గొట్టం తీశాను. రిజర్వాయర్ నెత్తి మీద బిరడా ఒకటి ఉంది. అది విప్పితేనే గాలి లోపలికొస్తుంది, గాలి వస్తేనే నీళ్లు దిగుతాయి. ఆ గొట్టం పడే చోట బకెట్ పట్టేంత ఎత్తు ఉందా అని కూడా చూశాను, అందుకే ఈ పెట్టె బల్ల అంచున ఉంది.

నిన్న రాత్రితో దీనికి మళ్లీ ఏడాది నిండింది. నీళ్లు మార్చే పని ఇంట్లో చేయకుండా ఇక్కడికి తెచ్చాను. ముందు వరుసలో ఉన్న అమ్మా, మీరొచ్చి ఆ పై బిరడా విప్పండి, ఎడమ వైపుకు తిప్పాలి. బాబూ, నువ్వు ఆ ప్లగ్గు పూర్తిగా పీకేశావా? మళ్లీ చూడు. సరే, బకెట్ ఇటు జరపండి. ఇంకొంచెం. వాల్వు తిప్పుతున్నాను, లోపల లీటరు పైన ఉండాలి, ఎంత వస్తుందో కొలిచి చూద్దాం.